అన్నీ ఒక్కసారే వేయొద్దు

ఆగస్టు 28

ఇల్లు మునిగింది. కిటికీ మట్టం దాకా నీళ్లు. చెరువు కట్ట తెగిందని పొద్దున ఎవరో అరుచుకుంటూ పోయారు. మేము బట్టల మూట, మా అమ్మాయి మానస సర్టిఫికెట్లు పట్టుకుని బయటపడేసరికి మా వీధి వాగైపోయింది. కోరుట్లలో ఇన్ని నీళ్లు నేనెన్నడూ చూడలేదు.

నేరుగా లాడ్జికి వచ్చాం. లాడ్జి ఓనరు లతీఫుద్దీన్ సాబ్ ఫోన్ చేసి, "నీళ్లు తీసేదాక గాన్నే ఉండున్రి శ్రీశైలం. నూట నాలుగు తీస్కో" అన్నారు. ఇన్నేళ్లుగా ఈ లాడ్జికి మేనేజర్‌ని. ఇక్కడి మంచం మీద పడుకోవడం మాత్రం ఇదే మొదలు.

నా భార్య అనురాధ గదిలోకి వచ్చీ రాగానే ఫ్యాను రెగ్యులేటర్ తిప్పి చూసింది. ఇల్లు మునిగిన ఆడమనిషి ఏడుస్తుందనుకున్నాను. ఫ్యాను చూసింది.

మానస జగిత్యాల హాస్టల్లో క్షేమంగా ఉంది. ఇంటర్ పిల్లకు ఇవన్నీ చెప్పి భయపెట్టొద్దన్నాను. అప్పటికే అనురాధ చెప్పేసింది.

ఆగస్టు 29

ఊరికి కరెంటు లేదు. స్తంభాలు ఎక్కడికక్కడ పడిపోయాయి. సెల్లార్‌లో ఉన్న పెద్ద జనరేటర్ మునిగింది. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే చిన్న జనరేటర్ ఒక్కటే మిగిలింది. దారులు తెగి ట్యాంకర్లు రావడం లేదు, బంకుల్లో డీజిల్ లేదు. గదులన్నీ నిండిపోయాయి. కింద ఇళ్లు మునిగినవాళ్లు, పైన లైన్లు బాగుచేయడానికి వేరే జిల్లా నుంచి వచ్చిన కరెంటు వాళ్లు. పక్క మెడికల్ షాపాయన తన ఇన్సులిన్ డబ్బాలన్నీ తెచ్చి మా వంటింటి ఫ్రిజ్‌లో పెట్టాడు. ఈ చుట్టుపక్కల నడుస్తున్న ఫ్రిజ్ మాదే.

మధ్యాహ్నంలోపు జనరేటర్ మూడుసార్లు ఆగింది. సాబ్ వచ్చి తల పట్టుకున్నారు.

"గిట్లయితే ఉన్న డీజిల్ రెండు దినాలకు సుత రాదు శ్రీశైలం. ఏం జేద్దాం?"

నేను ఆలోచిస్తున్నాను. నిజంగానే ఆలోచిస్తున్నాను. అంతలో మాకు అన్నం పెడుతున్న అనురాధ అంది, "అన్నీ ఒక్కసారే ఎందుకేస్తున్నరు?"

సాబ్ తలెత్తారు. "ఏందమ్మా?"

"జనరేటర్ షురువు జేయంగనే మోటరు, గ్రైండరు, రెండు ఫ్రిజ్జులు అన్నీ ఒక్కపారే గుంజుతున్నయి. మా సిరిసిల్లల బట్టలు నేసే సాంచెల షెడ్డుల ఎవ్వరు గిట్ల చెయ్యరు. ఒక్క సాంచె నడుసుడు మొదలైనంకనే ఇంకో సాంచె ఏస్తరు. మోటరు లేషేటప్పుడే కరెంటు ఎక్కువ తింటది."

"నువ్వేం సదువుకున్నవు బిడ్డా?"

"ఎలక్ట్రికల్ల డిప్లొమా."

సాబ్ నా వైపు తిరిగారు. "నువ్వెన్నడు చెప్పలే."

చెప్పే సందర్భం రాలేదు. అంతే.

నన్ను ఇన్నేళ్లుగా శ్రీశైలం అనే పిలుస్తారు. ఆమెను మొదటి రోజే బిడ్డా అన్నారు.

ఆగస్టు 30

ఈ రోజు నుంచి అంతా ఆమె చెప్పినట్టు. జనరేటర్ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ముందు మోటరు వేసి ట్యాంకు నింపాలి. మోటరు ఆపాకే గ్రైండరు. రెండు ఫ్రిజ్‌లలోని సామానంతా ఒక్క దాంట్లో సర్ది రెండోది బంద్. లిఫ్టు బంద్. గీజర్లు బంద్, వెనుక పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి గదికో బకెట్. దుప్పట్లు మనిషి మారితేనే మార్చాలట, ఎందుకంటే ఉతికే మిషన్ కూడా బంద్. ఏసీ ఫ్యూజులన్నీ గుంజి కౌంటర్ సొరుగులో పడేసింది.

గదుల్లో లైట్లు కూడా లేవు. చీకటి పడగానే అందరూ కింద భోజనాల హాల్లోకి రావాలి. అక్కడే రెండు బల్బులు, అక్కడే ఫోన్లకు చార్జింగు. ఇదేం లాడ్జి, సత్రమా అని జనం తిడతారనుకున్నాను. తిట్టలేదు. పిల్లలు ఆడుకున్నారు. గదులు ఊడ్చే లక్ష్మవ్వ వానాకాలం ముచ్చట్లు చెప్పింది. అందరి మధ్య అనురాధ కూర్చుంది. నేను కౌంటర్ దగ్గర ఉన్నాను. అక్కడిదాకా వెలుతురు రాలేదు.

ఇవన్నీ నాకూ తట్టినవే. చెప్పేలోపే ఆమె చెప్పింది.

ఆగస్టు 31

లక్ష్మవ్వ ఈ రోజు స్టోర్ రూము తాళం చెవి అనురాధను అడిగి తీసుకుంది. నేను పక్కనే ఉన్నాను.

సెప్టెంబర్ 1

కరెంటు వాళ్ల పెద్ద ప్రభాకర్ అని ఒకాయన ఉన్నాడు. నా కంటే చిన్నవాడే. రోజంతా స్తంభాలు పాతించి బురద కాళ్లతో వస్తాడు. వచ్చి నేరుగా అనురాధ దగ్గర కూర్చుంటాడు. ఈ రోజు ఇద్దరూ జనరేటర్ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆమె నవ్వింది.

తర్వాత అడిగాను, మామూలుగానే అడిగాను, "ఏం మాట్లాడిండు?"

"న్యూట్రల్ గురించి."

"న్యూట్రల్ గురించి నవ్వుడేంది?"

నా వైపు చూసి, "నీకు చెప్పినా నవ్వు రాదు తీ" అంది.

అందులో తప్పేమీ లేదు. అనుమానించే మనిషిని కాదు నేను. ఆ నవ్వు ఎప్పుడో విన్నట్టు అనిపించి, ఎప్పుడు విన్నానా అని ఆలోచించాను. మా పెళ్లయిన కొత్తలో.

సెప్టెంబర్ 2

ప్రభాకర్ ఆమెను "మేడం" అంటున్నాడు. సాబ్ కూడా ఈ రోజు ఒకసారి అన్నారు.

సెప్టెంబర్ 3

జగిత్యాల దారి తెరిచారు. డీజిల్ కోసం, జనరేటర్ ఫిల్టర్ కోసం క్యాన్లు వేసుకుని సాబ్ జీపులో పోయాను. ఏ ఫిల్టరో అనురాధ కాగితం మీద రాసిచ్చింది. దుకాణంలో నేను చూపించకుండా నోటితో చెప్పాను, వాడు వేరేది తీశాడు. చివరికి కాగితం తీయాల్సి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు హాస్టల్ దగ్గర ఆగాను. అరటిపండ్లు ఇచ్చాను. మానస మొహం వెలిగిపోతోంది.

"నాన్నా, అమ్మ లాడ్జి మొత్తం నడిపిస్తుందట గదా? మా ఫ్రెండ్స్‌కు అందరికి చెప్పిన."

"లాడ్జి నేను నడుపుతున్న బిడ్డా. అమ్మ కరెంటు సంగతి చూస్తున్నది, గంతే."

"గదే నాన్నా, కరెంటు లేనప్పుడు కరెంటు సంగతే గదా లాడ్జంటే." పండు ఒలుచుకుంటూ అంది. "అమ్మకు ఇవన్నీ వచ్చని నాకు సుత తెల్వదు. మన ఇంట్ల మిక్సీ ఖరాబయితే సుత నువ్వు బయట చేపిస్తవు. ఎప్పుడన్న అమ్మను అడిగినవా?"

మిక్సీ ఎవరైనా భార్యతో రిపేరు చేయిస్తారా? బయట చేయించేది ఆమెకు శ్రమ ఎందుకనే. అది మానసకు అర్థం కాదు, చిన్నపిల్ల.

నా గురించి మాత్రం ఎవరికీ ఏమీ చెప్పినట్టు లేదు.

సెప్టెంబర్ 5

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున అజ్మల్ వచ్చాడు. దుబాయ్‌లో ఉంటాడు, రాయికల్ దగ్గర వాళ్లది. ఏటా సెలవు మీద వచ్చినప్పుడు మా దగ్గరే దిగుతాడు, నేనంటే గౌరవం. వాళ్ల ఇంట్లో బురద నిండిందని భార్యను, నెలల పిల్లవాడిని తీసుకుని వచ్చాడు. ఒకే గది ఖాళీ అయింది, ఇచ్చాను. వాన ఆగి ఉక్కపోత. పిల్లవాడు ఒకటే ఏడుపు. మధ్యాహ్నం అజ్మల్ కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"మేనేజర్ సాబ్, బచ్చా ఉడుకకు ఆగుతలేడు. సాయంత్రం జనరేటర్ ఏసినప్పుడు జరసేపు ఏసీ ఇప్పియ్యున్రి."

"ఇప్పుడు ఏసీలు బంద్ భాయ్."

"మేడం సుత గదే అన్నరు. తడి బట్ట గట్టున్రి కిటికీకి అన్నరు. నేననుకున్న, మేనేజర్ సాబ్‌ను అడుగుతె అయితది గదా అని." కొంచెం ఆగి అడిగాడు, "ఏం, మీరు సుత అడగాల్నా?"

నేనెవరిని అడగాలి?

సొరుగులోంచి ఫ్యూజు తీసి పెట్టాను. పసిపిల్లవాడి కోసం. ఒక్క గది, ఒక్క ఏసీ. ఏమవుతుందనుకున్నాను.

సాయంత్రం జనరేటర్ వేశారు. మోటరు వేశారు, ఫ్రిజ్ నడుస్తూనే ఉంది. ఏసీ లేచినట్టుంది. జనరేటర్ ఒక్కసారి గుర్రుమని, గొంతు పట్టుకున్నట్టు మూలిగి, ఆగిపోయింది. పొగ. కాలిన వాసన. ప్రభాకర్ మూత విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. "వైండింగ్ కాలింది. ఇది ఇగ లేవది."

ట్యాంకులో నీళ్లు సగం కూడా లేవు. ఫ్రిజ్ ఆగింది. లక్ష్మవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె రోజూ పొద్దున వేసుకునే ఇన్సులిన్ కూడా అందులోనే ఉంది, వీధిలో సగం మంది షుగర్ వాళ్లది ఆ డబ్బాల్లోనే ఉంది.

"ఎట్ల సారూ ఇప్పుడు?" అంది నాతో. అన్ని రోజుల తర్వాత నన్ను అడిగింది.

అనురాధ కౌంటర్‌కు వచ్చి సొరుగు తెరిచింది. చూసింది. మూసింది. నా మొహంలోకి చూసింది. లక్ష్మవ్వ దగ్గరికి పోయింది.

సాబ్ పరుగున వచ్చారు. "ఎట్లయింది శ్రీశైలం?"

"ఫ్యూజులన్నీ అనురాధే చూసుకుంటది సాబ్" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. చూసుకునేది ఆమే కదా.

సాబ్ ఆమె వైపు చూశారు. ఆమె లక్ష్మవ్వతో కొత్త కుండలు, తడి గోనెలు తెమ్మని చెబుతోంది. ఆయన కొంచెం బాధగానే అన్నారు, "బిడ్డా, మస్తు కష్టపడ్డవు. ఇగ నువ్వు జర రెస్టు తీస్కో. శ్రీశైలం చూసుకుంటడు."

"మంచిది సాబ్" అంది. అని, ఇన్సులిన్ డబ్బాలు కుండల్లో సర్ది, చుట్టూ తడి గోనె చుట్టింది. ప్రభాకర్ వాళ్ల జీపు సామాను కోసం జగిత్యాల పోతోంది. అక్కడి ఆసుపత్రిలో కరెంటు ఉంది. డబ్బాలతో పాటు ఎవరో ఒకరు పోవాలి. మెడికల్ షాపాయన మునిగిన ఇంటి దగ్గర ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు.

నేను పోతానని అనొచ్చు. అనలేదు. లాడ్జి నేను చూసుకోవాలి కదా, సాబ్ అప్పుడే చెప్పారు.

ఆమె జీపులో ముందు సీట్లో కుండలు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. బండి ప్రభాకరే నడిపాడు.

అదే రోజు

ఇంకా రాలేదు. ఫోన్ కలవడం లేదు.

అదే రోజు

తాళాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. హాల్లో కొవ్వొత్తులు పెట్టించాను. అందరూ మేడం ఏదని నన్నే అడుగుతున్నారు. నాకేం తెలుసు?

ఫోన్ కలవడం లేదు.

సెప్టెంబర్ 6

పొద్దున బస్టాండ్ వైపు నుంచి నడుచుకుంటూ వచ్చింది. ఎదురుపోయాను.

"ఎవరితోని వచ్చినవు?"

ఆగి, చీర కుచ్చిళ్ల బురద దులుపుకుంది.

"ముప్పై మందితోని. బస్సుల." తర్వాత అంది, "ఇన్సులిన్ ఏమైందని అడుగుతవనుకున్న."

ఇన్సులిన్ పాడు కాలేదట. ఆసుపత్రి వాళ్లు ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఈ పూటకు కావాల్సినవి ఐసు డబ్బాలో ఇచ్చి పంపారు. వాన మళ్లీ మొదలవడంతో అనురాధ మానస హాస్టల్లో వార్డెన్‌ను అడిగి రాత్రికి అక్కడే ఉండిపోయింది. ప్రభాకర్ ఆమెను అక్కడ దింపి సామాను తీసుకుని తిరిగి వచ్చాడని పై గది వాళ్లు తర్వాత చెప్పారు. అతను నిన్ననే ఇక్కడికి వచ్చి, పైన పడుకున్నాడు. నేను చూడనేలేదు.

లక్ష్మవ్వకు ఇంజెక్షన్ అనురాధే వేసింది. నాతో మళ్లీ మాట్లాడలేదు.  

సెప్టెంబర్ 7

అజ్మల్ గది ఖాళీ చేశాడు. కౌంటర్ దగ్గర సాబ్ ఉన్నారు. అజ్మల్ ఆయన చేయి పట్టుకుని మరీ చెప్పాడు, "మీ మేనేజర్ బంగారమసొంటి మనిషి సాబ్. మేడం వద్దన్నా సుత, మా బచ్చా కోసమని తనే ఫ్యూజు పెట్టి ఏసీ ఇచ్చిండు. గసొంటి కష్టకాలంల ఎవరిస్తరు?"

పొగుడుతున్నాననుకుంటున్నాడు. నేను రిజిస్టర్‌లోకి చూస్తూ నిలబడ్డాను.

అతను వెళ్లాక సాబ్ కుర్చీలో కూర్చున్నారు. కోపంగా అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"నువ్వు నాతోని అబద్ధం ఆడలే శ్రీశైలం. గా మాట మళ్లమళ్ల యాద్ చేసుకున్న. యాడ సుత అబద్ధం లేదు. గదే నాకు మస్తు కష్టమైతున్నది."

అనురాధను పిలిచారు. "బిడ్డా, నాకెందుకు చెప్పలే?"

"అప్పుడు ఇన్సులిన్ ముచ్చట ముందుండె సాబ్. గిది ఎన్కకు ఉంటే ఏమైతదని."

"మాఫ్ చెయ్యి. నేను సుత అడగకుండనే అన్న."

ఆమె తలూపింది. ఇద్దరూ నా వైపు చూడలేదు. అరిచినా బాగుండేది.

సెప్టెంబర్ 9

కరెంటు వచ్చింది. వీధంతా కేకలు వేసింది. ప్రభాకర్‌ను వాళ్లవాళ్లు భుజాల మీద ఎత్తుకున్నారు. అనురాధ చప్పట్లు కొట్టింది. నేను పైకి పోయి ఒక్కో గదిలో స్విచ్చులు ఆపుకుంటూ వచ్చాను. అందరూ అన్నీ వేసి వదిలేశారు. అన్నీ ఒక్కసారే.

ఫ్యూజు పెట్టేటప్పుడు పిల్లవాడు నా మనసులో లేడు. ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

సెప్టెంబర్ 11

సాబ్‌కు సిరిసిల్లలో ఇంకో లాడ్జి ఉంది. అక్కడ కింది అంతస్తు మునిగి వైరింగంతా పోయింది. కొత్తగా వేయించి, ఇక్కడి పద్ధతులే అక్కడా పెట్టి, లాడ్జి నడపమని అనురాధను అడిగారు. నా ముందే అడిగారు. ఆమె నన్ను అడుగుతుందని చూశాను.

"ఎప్పటికెల్లి రావాలె సాబ్?" అంది.

గదికి వచ్చాక నేనే అన్నాను, "ఒక్క మాట నన్నడిగినవా?"

"అడుగుదమనుకున్న. ఏమంటవో ఎరుకే గద అనిపించింది." దుప్పటి మడత పెడుతూనే ఉంది. "మా నాయన ఇంట్ల ఉంట. ఇల్లు బురద తీసినంక చెప్పు, సామాను సదురుకుందాం."

వాళ్ల నాన్న కనకయ్యకు సాంచెల మీదనే వయసంతా పోయింది. బిడ్డ లాడ్జికి మేనేజరైందంటే ఆయన ఏమంటాడో నాకు తెలుసు. నాకు ఫోన్ చేసి మరీ అంటాడు.

సెప్టెంబర్ 12

పోయింది.

సెప్టెంబర్ 19

కనకయ్య మామ ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. ఊ అన్నాను.

సెప్టెంబర్ 23

కరెంటు ఉన్నా ఇక్కడ ఆమె పద్ధతే నడుస్తోంది. కట్టెల పొయ్యి మాత్రం తీసేశాం. నేను తీసేద్దామనుకున్నవి ఒకటి రెండు ఉన్నాయి. చీకటి పడ్డాక హాల్లో కూర్చోవడం ఆపమన్నాను, గదుల్లో లైట్లున్నాయి కదా అని. ఆపలేదు. లక్ష్మవ్వతో సహా వచ్చి కూర్చుంటున్నారు. ఈ రోజు నేనూ పోయి కూర్చున్నాను. అందరూ కొంచెం జరిగి చోటిచ్చారు.

సెప్టెంబర్ 28

సిరిసిల్ల పోయాను. ఆమె రమ్మనలేదు. రుద్రంగి మీదుగా బస్సు. దారి పొడుగునా ఆడవాళ్లు తంగేడు పూలు కోస్తున్నారు. వరి చేన్లలో ఇసుక మేటలు ఇంకా తీయలేదు. బస్సులో కూర్చుని ఏం మాట్లాడాలో అనుకుంటూ పోయాను. ఇల్లు శుభ్రమైందని చెప్పాలి. మానసకు పరీక్షలని చెప్పాలి.

లాడ్జి ముందు సున్నం వాసన. కౌంటర్‌లో కొత్తమ్మాయి ఉంది. "రూమ్ కావాల్నా సర్?" అంది.

కోరుట్ల మేనేజర్‌ని అని చెప్పబోయాను.

"అనురాధ ఇంటాయనను" అన్నాను.

"మేడం వరండల ఉన్నరు."

అనురాధ నిచ్చెన మీద ఉంది. జడ పైకి ముడేసుకుని, నోట్లో స్క్రూ పట్టుకుని, పైకప్పుకు లైటు బిగిస్తోంది. నిచ్చెన కాళ్ల కింద గచ్చు ఇంకా ఎగుడుదిగుడుగానే ఉంది, నిచ్చెన ఊగుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నోట్లోంచి స్క్రూ తీసింది.

"ఎప్పుడచ్చినవు?"

"ఇప్పుడే. ఇల్లు మంచిగైంది."

"మంచిది. గా టెస్టర్ అందియ్యి."

అందించాను. అనుకున్నవన్నీ చెప్పాను, ఇల్లు, మానస, లక్ష్మవ్వ. ఆమె పని చేసుకుంటూనే విన్నది. తర్వాత అంది, "రేపు ప్రభాకర్ వాళ్లు వస్తున్నరు, కొత్త కనెక్షన్ చూసెటందుకు. ఈ లోపల గీ వరండ అయిపోవాలె."

ఆ పేరు వినగానే మళ్లీ అదే.  ఇన్నాళ్లూ దాన్ని ఇంకేదో అని రాస్తూ వచ్చాను. బాధ్యతనీ, పసిపిల్లవాడనీ.

"అనురాధా, ఆ ఫ్యూజు ఓర్సలేక పెట్టిన" అన్నాను. "నీ మీద ఓర్సలేక. సాబ్‌కు గట్ల చెప్పింది సుత గందుకే."

"ఎరుకే."

"నీకెరుక లేదని కాదు. నా నోటితోని చెప్దామని."

ఆమె పైనుంచి కిందికి చూసింది.  చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది.

"ఇప్పుడు?" అంది.

అబద్ధం చెబుదామనిపించింది. "ఇప్పుడు సుత కడుపుల మండుతున్నది. గాయిన పేరు ఇంటే మండుతున్నది. నిన్ను గిట్ల నిచ్చెన మీద చూసినా మండుతున్నది."

నవ్వుతుందనుకోలేదు. నవ్వలేదు కూడా. మళ్లీ పైకి తిరిగి స్క్రూ బిగించడం మొదలుపెట్టింది.

"మండనియ్యి" అంది. "నిచ్చెన మాత్రం గట్టిగ పట్టుకో."

పట్టుకున్నాను. వరండా చాలా పొడుగుంది. ఒక్కో లైటు దగ్గరికీ నిచ్చెన జరుపుకుంటూ చివరిదాకా పోయాం.